మన్యంలో పసిగుండె లెక్క: క్యూటీ వ్యవధి సవరణకు ఒక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
– ఈసీజీలో క్యూటీ వ్యవధి అంటే ఏమిటో, హృదయ స్పందన రేటును బట్టి దాన్ని ఎందుకు సవరించవలసి వచ్చిందో వివరించగలుగుతారు;
– 1920లో వచ్చిన రెండు సూత్రాల పుట్టుకను, వాటి పరిమితులను పోల్చగలుగుతారు;
– తూర్పు కనుమల మన్య ప్రాంతంలో మలేరియా, దాని మందుల చరిత్రకు ఈ లెక్కతో ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు;
– జ్వరంతో ఉన్న ఒక బిడ్డ క్యూటీ వ్యవధిని వేర్వేరు సూత్రాలతో లెక్కించి, ఫలితాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. విషయ పరిచయం

వైద్యశాస్త్ర చరిత్ర అనగానే గొప్ప వైద్యులు, కొత్త మందులు, మహమ్మారులు మన మనసులో మెదులుతాయి. ఒక గణిత సూత్రానికి కూడా చరిత్ర ఉంటుందన్న విషయం అంతగా తట్టదు. సూత్రాన్ని ఎవరో ఒకరు, ఒక కాలంలో, కొందరు మనుషుల కొలతలను ముందు పెట్టుకుని తయారు చేస్తారు. ఆ తరవాత అది పుస్తకాల్లోకి, యంత్రాల్లోకి ఎక్కుతుంది. కొలతలు ఎవరివో మరుగున పడిపోతుంది. సూత్రం మాత్రం ప్రకృతి నియమంలా నిలబడుతుంది.

అటువంటి ఒక సూత్రాన్ని ఈ పాఠంలో అధ్యయనం చేద్దాం. హృదయ స్పందన రేటును బట్టి క్యూటీ వ్యవధిని సవరించే సూత్రమది. దీనిని పరిశీలించడానికి అరకు లోయను, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల గిరిజన ప్రాంతాన్ని ఎంచుకున్నాం. దానికి కారణం ఉంది. ఇక్కడ తరతరాలుగా పిల్లలను పట్టి పీడించిన జ్వరం మలేరియా. జ్వరం వస్తే గుండె వేగం పెరుగుతుంది. మలేరియాకు వాడే మందుల్లో కొన్ని క్యూటీ వ్యవధిని పెంచుతాయి. అంటే ఏ పరిస్థితిలో ఈ సూత్రం తడబడుతుందో సరిగ్గా ఆ పరిస్థితిలోనే దాని అవసరం పడుతుంది.

2. గుండె గీత, దాని అక్షరాలు

గుండె కొట్టుకునే ప్రతిసారీ అందులో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్తును శరీరం పైనుంచే మొదటిసారి నమోదు చేశాడు. డచ్ శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్ ఆ గీతలోని ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అన్న అక్షరాలను పేర్లుగా పెట్టాడు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో సన్నని తీగతో పనిచేసే గాల్వనోమీటరును రూపొందించి, స్పష్టమైన ఈసీజీని సాధ్యం చేశాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఐంథోవెన్ 1860లో జావా దీవిలోని సెమరాంగ్‌లో జన్మించాడు. అదే జావా దీవి తరవాతి కాలంలో ప్రపంచానికి కావలసిన సింకోనా బెరడులో అధిక భాగాన్ని పండించింది. మలేరియా మందు క్వినైన్ తయారయ్యేది ఆ బెరడు నుంచే. ఈ పాఠంలో ముందు ముందు ఈ రెండు కథలూ కలుస్తాయి.

క్యూ మొదలైన చోటి నుంచి టి ముగిసే చోటి వరకు పట్టే కాలమే క్యూటీ వ్యవధి. గుండె కింది గదులైన జఠరికలు విద్యుత్తుతో ప్రేరేపితమై, మళ్లీ మామూలు స్థితికి చేరడానికి పట్టే కాలమిది. ఇది మరీ ఎక్కువైతే గుండె లయ అకస్మాత్తుగా గాడి తప్పే ప్రమాదం ఉంది. అప్పుడు మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుండె వేగం పెరిగితే క్యూటీ వ్యవధి దానంతటదే తగ్గుతుంది. అరకు ప్రాంతపు ధింసా నృత్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. వాద్యం నెమ్మదిగా సాగుతున్నప్పుడు అడుగుకూ అడుగుకూ మధ్య విరామం ఎక్కువ. వాద్యం జోరందుకుంటే అడుగు వేసే కాలమూ తగ్గుతుంది, విరామమూ తగ్గుతుంది. అయితే విరామం తగ్గినంతగా అడుగు తగ్గదు. గుండె విషయంలోనూ ఇంతే. వేగం పెరిగినప్పుడు విశ్రాంతి కాలం బాగా కుదించుకుపోతుంది, క్యూటీ కొంతమేరకే తగ్గుతుంది. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెనూ 150 సార్లు కొట్టుకునే గుండెనూ నేరుగా పోల్చలేం. వేగం 60 అయి ఉంటే ఈ క్యూటీ ఎంత ఉండేదో లెక్కగట్టి, ఆ తరవాతే పోల్చాలి. ఆ లెక్కనే సవరణ అంటాం. సవరించిన విలువను క్యూటీసీ అంటాం.

3. 1920: రెండు నగరాలు, రెండు మూలాలు

ఈ సంబంధానికి గణిత రూపం ఇచ్చిన రెండు రచనలు 1920లోనే వెలువడ్డాయి. ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త హెన్రీ కత్బర్ట్ బాజెట్ ఆరోగ్యవంతులైన 39 మంది యువకుల ఈసీజీలను పరిశీలించాడు. రెండు స్పందనల మధ్య కాలానికి, అంటే ఆర్ఆర్ వ్యవధికి, వర్గమూలం తీసి దానితో క్యూటీని ముడిపెట్టాడు. కోపెన్‌హాగన్‌లో లూయీ సిగర్డ్ ఫ్రిడరీషియా ఆరోగ్యవంతులైన 50 మంది కొలతలతో ఇదే ప్రశ్నను పరిశీలించాడు. ఆయన ఎంచుకున్నది ఘనమూలం.

నేడు వాడుకలో ఉన్న రూపంలో ఈ సూత్రాలు ఇలా ఉంటాయి. కాలాన్ని సెకన్లలో తీసుకోవాలి.

బాజెట్: క్యూటీసీ = క్యూటీ ÷ √ఆర్ఆర్
ఫ్రిడరీషియా: క్యూటీసీ = క్యూటీ ÷ ∛ఆర్ఆర్

గుండె వేగం సరిగ్గా 60 ఉంటే ఆర్ఆర్ ఒక సెకను. ఒకటికి వర్గమూలం తీసినా ఘనమూలం తీసినా ఒకటే కాబట్టి రెండు సూత్రాలూ ఒకే జవాబు ఇస్తాయి. వేగం 60కి దూరమయ్యేకొద్దీ జవాబులు కూడా దూరమవుతాయి. విశ్రాంతిగా కూర్చున్న పెద్దవారిలో ఈ తేడా పెద్దది కాదు. చిన్నపిల్లల గుండె ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేగంగా కొట్టుకుంటుంది. జ్వరం తోడైతే మరింత పెరుగుతుంది.

ఈ రెండింటిలో బాజెట్ సూత్రమే ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది. వర్గమూలం తీయడం ఘనమూలం తీయడం కంటే సులువు. గణన యంత్రాలు చేతికి రాని రోజుల్లో అది చిన్న విషయం కాదు. తరవాత ఈసీజీ యంత్రాలే స్వయంగా లెక్క వేసి కాగితంపై ముద్రించడం మొదలైంది. వాటిలోనూ చాలావరకు బాజెట్ సూత్రాన్నే పొందుపరిచారు. అలవాటు ప్రమాణంగా మారింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) క్యూటీ వ్యవధిని సవరించకుండా ఇద్దరు వ్యక్తుల మధ్య ఎందుకు పోల్చకూడదు?
(ఆ) గుండె వేగం నిమిషానికి 60 ఉన్నప్పుడు బాజెట్, ఫ్రిడరీషియా సూత్రాలు ఒకే జవాబు ఎందుకు ఇస్తాయి?

4. పిల్లల జబ్బుల నుంచి వచ్చిన ప్రశ్నలు

బాజెట్ చేసిన పని ఒక వేగంలో క్యూటీ ఎంత ఉండవచ్చో అంచనా వేయడం. దాన్ని తిరగవేసి, ఒక రోగి క్యూటీని సవరించిన విలువగా రాసే పద్ధతి స్థిరపడింది 1947లో. టారన్, జిలాగి అనే ఇద్దరు పరిశోధకులు ఆ సంవత్సరం ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. వారు పరిశీలించింది కీళ్లవాత జ్వరంతో గుండె వాచిన పిల్లలను. అంటే నేడు ప్రపంచమంతటా వాడే ఈ విలువ, పెద్దల కొలతల మీద కట్టిన సూత్రాన్ని జ్వరపీడిత పిల్లలకు అన్వయించిన చోట రూపుదిద్దుకుంది.

పదేళ్ల తరవాత, 1957లో, నార్వేకు చెందిన జెర్వెల్, లాంగే-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుకతోనే చెవుడు. వారు తరచు స్పృహ తప్పేవారు. ముగ్గురు చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారు. వారి ఈసీజీల్లో క్యూటీ చాలా పొడవుగా ఉంది. 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డ్ చెవుడు లేని కుటుంబాల్లోనూ ఇదే లక్షణాన్ని గుర్తించారు. క్యూటీ కొలత అప్పటినుంచి బిడ్డ ప్రాణానికి సంబంధించిన ప్రశ్నగా మారింది. ఇటలీలో 44 వేలకు పైగా శిశువులకు ఈసీజీ తీసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఈ పుట్టుక లోపం దాదాపు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా కట్టింది.

పుట్టుకతో వచ్చేది ఒక రకం. మందుల వల్ల, వాంతులు విరేచనాల్లో శరీరం నుంచి పొటాషియం వంటి లవణాలు పోవడం వల్ల వచ్చేది మరొక రకం. మన్యం చరిత్రకు ఎక్కువ దగ్గరగా ఉన్నది ఈ రెండోది.

5. మన్యం జ్వరం, సింకోనా బెరడు

1839 చట్టంతో బ్రిటిషు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ పాలన నుంచి విడదీసి ఏజెన్సీగా ఏర్పాటు చేసింది. నేటి అరకు, పాడేరు ప్రాంతాలు, ఒడిశాలో ఉన్న కోరాపుట్, జయపురం ప్రాంతాలు ఆనాడు ఒకే జిల్లాలో భాగాలు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం అటు వెళ్లింది. కొండల్లో నెమ్మదిగా పారే గెడ్డల్లో పెరిగే ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ ఈ కొండ ప్రాంతంలో మలేరియాను వ్యాపింపజేసిన ముఖ్యమైన దోమల్లో ఒకటి.

మైదానం నుంచి వచ్చినవారికి మన్యం జ్వరమంటే హడల్. 1879 రంప పితూరీలోనూ, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన తిరుగుబాటులోనూ ప్రభుత్వ బలగాలను మలేరియా బాగా దెబ్బతీసింది. అధికారుల దృష్టిలో అది సైన్యాన్ని పడగొట్టే శత్రువు. కొండల్లో పుట్టి పెరిగినవారికి అది ఏటా పిల్లలను ఎత్తుకుపోయే జ్వరం. చిన్నతనంలో ఆ జ్వరాన్ని తట్టుకుని బతికినవారే పెద్దయ్యాక కొంత రోగనిరోధక శక్తితో తిరిగేవారు. అందువల్ల ‘కొండవాళ్లకు జ్వరం అంటదు’ అన్న అభిప్రాయం మైదానంలో స్థిరపడింది. ఆ శక్తి కోసం చెల్లించిన మూల్యం పిల్లల ప్రాణాలని ఆ అభిప్రాయం దాచిపెట్టింది.

పిల్లల శరీరాలను వలస ప్రభుత్వం కొలవకపోలేదు. మలేరియా పదేపదే వస్తే ప్లీహం ఉబ్బుతుంది. పల్లెల్లో దీన్నే కడుపులో బల్ల అంటారు. ఒక ఊరి పిల్లల్లో ఎంతమందికి బల్ల చేతికి తగులుతుందో లెక్కిస్తే ఆ ఊళ్లో మలేరియా తీవ్రత తెలుస్తుంది. 1840ల చివర్లో ఉత్తర భారతంలో డెంప్‌స్టర్ ప్రారంభించిన ఈ పద్ధతి తరవాత ప్రపంచమంతటా వ్యాపించింది. జయపురం కొండల మలేరియాపై 1914లో పెర్రీ ప్రచురించిన అధ్యయనం మన్య ప్రాంతాన్ని మలేరియా పటంలో నిలిపింది. ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ప్లీహం లెక్క కొలిచింది ఊరిని. పిల్లల కడుపులు ఆ ఊరికి సూచికలు మాత్రమే. ఒక్కొక్క బిడ్డకు ఎంత మందు ఇవ్వాలి, ఆ మందు ఆ బిడ్డ గుండెపై ఏం చేస్తుంది అన్నవి వేరే ప్రశ్నలు.

ఆ మందు క్వినైన్. 1820లో ఫ్రాన్సులో పెల్టియే, కావంతూ దీన్ని సింకోనా బెరడు నుంచి వేరుచేశారు. 1860 దశకం మొదట్లో సింకోనా మొక్కలు దక్షిణ అమెరికా నుంచి నీలగిరులకు చేరాయి. తరవాత నడువట్టంలో ప్రభుత్వ క్వినైన్ కర్మాగారం నడిచింది.

అదే బెరడులో క్వినిడిన్ అనే మరో పదార్థం ఉంటుంది. అణువులో పరమాణువులు అవే, వాటి అమరికలో మాత్రమే తేడా. 1912లో డచ్ వైద్యుడు వెంకెబాఖ్ దగ్గరకు గుండె లయ తప్పిన ఒక వర్తకుడు వచ్చాడు. క్వినైన్ వేసుకుంటే తన నాడి సర్దుకుంటోందని ఆయనే వైద్యుడికి చెప్పాడు. 1918లో జర్మనీలో ఫ్రే ఈ బెరడు పదార్థాలను పోల్చి చూసి, గుండె లయపై క్వినిడిన్ ప్రభావం అన్నిటికంటే బలమైనదని తేల్చాడు. ఆ బలానికి రెండో వైపు కూడా ఉంది. క్వినిడిన్ తీసుకుంటున్నవారిలో కొందరు ఉన్నట్టుండి స్పృహ తప్పేవారు. 1964లో సెల్జర్, రే దీని వెనుక ఉన్నది ప్రమాదకరమైన లయ దోషమని చూపారు. 1966లో ఫ్రెంచి వైద్యుడు డెసర్‌టెన్ ఆ లయ రూపాన్ని వర్ణించి, మొనలు మెలితిరుగుతున్నట్టు కనిపిస్తుంది కనుక టోర్సాడ్ ద పాయింట్ అని పేరు పెట్టాడు. క్యూటీ మరీ పెరిగినప్పుడు వచ్చే లయ ఇదే.

ఈ విధంగా మలేరియా మందుల చరిత్ర, గుండె గీతల చరిత్ర ఒకే చెట్టు బెరడు దగ్గర కలిశాయి. 1934లో జర్మనీలో హాన్స్ ఆండర్‌సాగ్ తయారు చేసిన క్లోరోక్విన్ రెండో ప్రపంచ యుద్ధం తరవాత క్వినైన్ స్థానాన్ని ఆక్రమించింది. అది కూడా క్యూటీని కొంతవరకు పెంచే మందే.

స్వతంత్ర భారతదేశం 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని, 1958లో నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. 1960ల మధ్యకు దేశంలో నమోదైన కేసులు ఏడాదికి దాదాపు లక్షకు తగ్గాయి. 1976 నాటికి మళ్లీ 64 లక్షలకు పెరిగాయి. 1977లో వ్యూహాన్ని సవరించారు. 1997లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల గిరిజన జిల్లాలపై దృష్టి పెట్టింది. నేడు వైవాక్స్ మలేరియాకు మూడు రోజుల క్లోరోక్విన్, 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. ఫాల్సిపారం మలేరియాకు ఆర్టెమిసినిన్ కలిసిన మందులు వాడతారు. ఈ మందులు లెక్కలేనన్ని ప్రాణాలను కాపాడాయి. సరైన మోతాదులో వీటివల్ల గుండెకు ప్రమాదం చాలా అరుదు. ఆ అరుదైన ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, లేని ప్రమాదాన్ని చూసి భయపడి మందు ఆపకపోవడం, ఈ రెండూ క్యూటీసీ లెక్కపైనే ఆధారపడతాయి.

6. ఒకే బిడ్డ, రెండు రోజులు

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఐదేళ్ల పాపకు మలేరియా జ్వరం. మందు వేయకముందే ఈసీజీ తీశారు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అందులో ఒక చిన్న గడి 0.04 సెకను, ఒక పెద్ద గడి 0.2 సెకను. రెండు స్పందనల మధ్య 2 పెద్ద గడులు ఉన్నాయి. ఆర్ఆర్ 0.4 సెకను, అంటే నిమిషానికి 150 స్పందనలు. క్యూటీ ఏడున్నర చిన్న గడులు, అంటే 0.30 సెకను.

బాజెట్: 0.4కు వర్గమూలం 0.632. 0.30 ÷ 0.632 = 0.474 సెకను, అంటే 474 మిల్లీ సెకన్లు.
ఫ్రిడరీషియా: 0.4కు ఘనమూలం 0.737. 0.30 ÷ 0.737 = 0.407 సెకను, అంటే 407 మిల్లీ సెకన్లు.

మూడో సూత్రాన్ని కూడా చూద్దాం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5 వేల మందికి పైగా పెద్దవారిని పరిశీలించి 1992లో ప్రకటించిన సరళరేఖ సూత్రమిది: క్యూటీసీ = క్యూటీ + 0.154 × (1 – ఆర్ఆర్). దీని ప్రకారం 0.30 + 0.154 × 0.6 = 0.392 సెకను, అంటే 392 మిల్లీ సెకన్లు.

పిల్లల్లో సాధారణంగా 460 మిల్లీ సెకన్లు దాటితే క్యూటీసీ ఎక్కువగా ఉందని అనుమానిస్తారు. 500 దాటితే ప్రమాదంగా పరిగణిస్తారు. ఒకే పాప, ఒకే కాగితం. ఒక సూత్రం ప్రకారం హద్దు దాటింది, మిగిలిన రెండింటి ప్రకారం దాటలేదు.

మందు వేశారు. కొన్ని రోజులకు జ్వరం తగ్గింది. మళ్లీ ఈసీజీ తీశారు. గుండె వేగం 100, ఆర్ఆర్ 0.6 సెకను, క్యూటీ 0.33 సెకను.

బాజెట్: 0.33 ÷ 0.775 = 426 మిల్లీ సెకన్లు.
ఫ్రిడరీషియా: 0.33 ÷ 0.843 = 391 మిల్లీ సెకన్లు.
ఫ్రామింగ్‌హామ్: 0.33 + 0.154 × 0.4 = 392 మిల్లీ సెకన్లు.

బాజెట్ లెక్కను నమ్మితే ఈ పాప క్యూటీసీ 48 మిల్లీ సెకన్లు తగ్గింది. ఫ్రిడరీషియా లెక్కలో 16 తగ్గింది. ఫ్రామింగ్‌హామ్ లెక్కలో మారనే లేదు. వేగం బాగా పెరిగినప్పుడు బాజెట్ సూత్రం అవసరానికి మించి సవరిస్తుందని వైద్య పరిశోధకులు చాలాకాలంగా గుర్తించారు. మొదటి రోజున ఆ 474ను చూసి కంగారుపడితే, పాపకు అందవలసిన మందు ఆలస్యం కావచ్చు. లేదా ఘాట్ రోడ్డు మీద 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖపట్నం చేరవలసి రావచ్చు. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకురావలసిన ప్రాంతాలు నేటికీ ఉన్న మన్యంలో ఇది తేలిక విషయం కాదు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. మందు నిజంగానే క్యూటీని పెంచిందనుకుందాం. అదే సమయంలో జ్వరం తగ్గి గుండె వేగం కూడా తగ్గుతుంది. బాజెట్ లెక్క మొదటి రోజు విలువను ఎక్కువ చేసి చూపింది కాబట్టి, మూడో రోజున మందు వల్ల వచ్చిన నిజమైన పెరుగుదల ఆ తేడాలో కలిసిపోయి కనిపించకపోవచ్చు. లేని ప్రమాదం కనిపించడం ఒకటి, ఉన్న ప్రమాదం దాగిపోవడం మరొకటి. రెండూ ఒకే సూత్రం నుంచి రావచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) గుండె వేగం 120, క్యూటీ 0.32 సెకను ఉన్న బాలుడి క్యూటీసీని బాజెట్, ఫ్రిడరీషియా సూత్రాలతో లెక్కించండి. (సూచన: ఆర్ఆర్ = 60 ÷ 120. దాని వర్గమూలం 0.707, ఘనమూలం 0.794.)
(ఆ) మీకు వచ్చిన రెండు జవాబుల మధ్య తేడా ఎంత?

7. ఎవరి పిల్లల పట్టిక?

పై చర్చ చదివి, బాజెట్ సూత్రాన్ని వదిలేసి ఫ్రిడరీషియా సూత్రాన్ని పట్టుకుంటే సరిపోతుందని మీకు అనిపించవచ్చు. విషయం అంత సులువు కాదు. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతులైన పసిపిల్లల విషయంలో బాజెట్ సూత్రమే మెరుగని చెప్పిన పరిశోధకులూ ఉన్నారు. అంతకంటే ముఖ్యమైనది, పిల్లలకు 460 అనే హద్దు ఎక్కువగా బాజెట్ విలువల ఆధారంగానే అలవాటైంది. హద్దు ఒక సూత్రానిది, లెక్క మరో సూత్రానిది అయితే ఆ పోలికకు అర్థం లేదు. శేరులో కొలిచి కిలోలో ధర కట్టినట్టు ఉంటుంది. అందుకే క్యూటీసీ రాసేటప్పుడు సూత్రం పేరు, ఆ సమయంలోని గుండె వేగం, జ్వరం ఉందా లేదా అన్నవి కూడా రాయాలి. అవి లేని సంఖ్య సగం సమాచారమే.

హద్దులు నిర్ణయించిన పట్టికలకూ చరిత్ర ఉంది. పిల్లల ఈసీజీలకు ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడిన పట్టికల్లో ఒకటి 1979–80లో కెనడాలోని క్విబెక్‌లో డవిన్యాన్ బృందం తయారు చేసింది. అందుకు 2,141 మంది తెల్లజాతి పిల్లలను పరిశీలించారు. 2001లో నెదర్లాండ్స్‌లో రైన్‌బేక్ బృందం 1,912 మంది పిల్లల ఈసీజీలతో కొత్త హద్దులు ప్రకటించింది. ఇవి శ్రద్ధతో చేసిన విలువైన పనులు. అయినా బగత, కొండదొర, పోర్జ, గదబ, కోదు కుటుంబాల పిల్లవాడి గుండె గీతను క్విబెక్ పిల్లల గీత పక్కన పెట్టి చూస్తున్నామన్న ఎరుక ఉండాలి. ఎత్తు, బరువు, పోషణ, రక్తహీనత, వాతావరణం అన్నీ వేరు. ప్లీహాన్ని కొలవడానికి ఈ కొండల పిల్లలు వలస పాలనలోనే లెక్కలోకి వచ్చారు. గుండెకు ‘సాధారణం’ అంటే ఏమిటో నిర్ణయించిన ఆ ప్రసిద్ధ పట్టికల్లో వారికి చోటు లేదు. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ తేడాను గమనించాలి. వనరుల కోసం, పాలన కోసం కొలవడం ఒకటి. ఒక్కొక్క బిడ్డ చికిత్స కోసం కొలవడం మరొకటి.

8. ఇటీవలి పరిణామాలు

1993లో థాయ్‌లాండ్–బర్మా సరిహద్దు కొండల్లో మలేరియా రోగులపై జరిగిన ఒక అధ్యయనం ఈ లెక్కల ప్రాధాన్యాన్ని గట్టిగా చాటింది. హాలోఫాంట్రిన్ అనే మలేరియా మందు మోతాదు పెరిగేకొద్దీ క్యూటీ పెరుగుతోందని అది చూపింది. తరవాత ఆ మందు వాడకం బాగా తగ్గిపోయింది. 2016 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం మలేరియా మందులకు, గుండెకు ఉన్న సంబంధాన్ని సమీక్షించింది. హాలోఫాంట్రిన్‌ను మినహాయిస్తే క్యూటీని పెంచే మిగిలిన మలేరియా మందుల వల్ల గుండెకు ప్రమాదం తక్కువేనని అభిప్రాయపడింది.

2009లో అమెరికా హృద్రోగ సంఘాలు బాజెట్ సూత్రానికి బదులు సరళరేఖ సూత్రాలను సిఫారసు చేశాయి. మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ క్యూటీని పెంచుతుంది కాబట్టి, మన జాతీయ క్షయ కార్యక్రమం రోగులకు ఈసీజీ తీసి ఫ్రిడరీషియా సూత్రంతో లెక్క వేయమంటుంది. 2020లో కోవిడ్ సమయంలో హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ కలిపి వాడినప్పుడు క్యూటీ అనే మాట వార్తాపత్రికల దాకా వచ్చింది. అందులో మొదటిది క్లోరోక్విన్‌కు దగ్గరి బంధువే. రెండు మందులూ విడివిడిగా క్యూటీని పెంచగలవు, కలిస్తే ఆ ప్రభావం మరింత.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆసుపత్రుల్లో ఈసీజీ యంత్రం నేడు అరుదైన వస్తువు కాదు. యంత్రం కాగితంపై క్యూటీసీని తానే ముద్రించి ఇస్తుంది. ఆ సంఖ్యను చదివే నర్సుకు గానీ, యువ వైద్యుడికి గానీ సూత్రం ఏదో, గుండె వేగం ఎంతో చూసే అలవాటు ఉంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. పిల్లల్లో ఊపిరి తీసినప్పుడు, వదిలినప్పుడు గుండె వేగం మారుతుంటుంది కాబట్టి ఒక్క స్పందనను కాక వరుసగా కొన్నింటిని కొలిచి సగటు తీయాలి. వీలైతే జ్వరం తగ్గాక మళ్లీ తీయాలి. బిడ్డ గతంలో స్పృహ తప్పిందా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తు మరణాలు జరిగాయా, వాంతులు విరేచనాలు అవుతున్నాయా అని తల్లిని అడిగి తెలుసుకోవాలి. ఈ ప్రశ్నలకు తల్లి తన భాషలో చెప్పే జవాబు ఏ సూత్రమూ ఇవ్వలేనిది.

9. సారాంశం

క్యూటీ వ్యవధి గుండె వేగంతో మారుతుంది కాబట్టి దాన్ని సవరించవలసి వచ్చింది. 1920లో బాజెట్ వర్గమూలాన్ని, ఫ్రిడరీషియా ఘనమూలాన్ని ప్రతిపాదించారు. సులువు వల్ల, అలవాటు వల్ల బాజెట్ సూత్రం ప్రమాణమైంది. 39 మంది యువకుల కొలతలపై కట్టిన ఆ సూత్రం, జ్వరంతో వేగంగా కొట్టుకునే పసిగుండె విషయంలో అవసరానికి మించి సవరిస్తుంది. మలేరియా, క్యూటీని పెంచే మందులు కలిసే మన్య ప్రాంతంలో దీనివల్ల రెండు రకాల నష్టాలు జరగవచ్చు: అవసరమైన మందు ఆగిపోవడం, నిజమైన ప్రమాదం కనిపించకపోవడం. సూత్రాన్ని మార్చినంత మాత్రాన సమస్య తీరదు. హద్దు, సూత్రం, కొలిచిన పరిస్థితి ఒకదానితో ఒకటి పొసగాలి. శాస్త్రీయ ప్రమాణాలకు కూడా కాలం, స్థలం, మనుషులు ఉంటారన్నది ఈ పాఠం నుంచి మనం గ్రహించవలసిన విషయం.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్యూటీ సవరణ సూత్రాల పుట్టుకను, బాజెట్ సూత్రం ప్రమాణంగా స్థిరపడడానికి కారణాలను చర్చించండి.
2. మలేరియా మందుల చరిత్రకు, గుండె లయల అధ్యయన చరిత్రకు ఉన్న సంబంధాన్ని సింకోనా ఆధారంగా వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మన్య ప్రాంతంలో ప్లీహం లెక్కకు, క్యూటీసీ లెక్కకు మధ్య ఉద్దేశంలో ఉన్న తేడా ఏమిటి?
2. జ్వరం తగ్గిన తరవాత మళ్లీ ఈసీజీ తీయడం ఎందుకు మంచిది?
3. మీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రంలో లేదా పాఠశాలలో వాడే ఏదైనా ఒక ‘సాధారణ కొలత’ పట్టికను (బరువు, ఎత్తు, రక్తపోటు) ఎంచుకుని, అది ఎవరి కొలతల ఆధారంగా తయారైందో తెలుసుకుని రాయండి.